రాత్రి రౌటర్ ఆపేస్తున్నారా? అందుకే అప్‌డేట్లు పగలు సతాయిస్తున్నాయి

పొద్దున తొమ్మిదింటికి హన్మకొండ చౌరస్తా దగ్గర టిఫిన్ సెంటర్లు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు కదా. రెండిడ్లీ, ఒక వడ తిని, చెయ్యి కడుక్కొని, కౌంటర్ మీద అతికించిన క్యూఆర్ కోడ్ ముందు ఫోన్ పెట్టాను. కెమెరా రాలేదు. యాప్‌ని అప్‌డేట్ చేస్తేనే ముందుకు అని తెర నిండా ఒకటే ముక్క, కింద ఒకటే బటన్. నొక్కాను. 1 శాతం, 2 శాతం, మళ్లీ 2 శాతమే. వెనక నలుగురు నిలబడ్డారు, ఒకాయన గొంతు సవరించుకున్నాడు. జేబులో చూస్తే 20 రూపాయల నోటు ఒక్కటే ఉంది. కౌంటర్ మీదాయన "ఏం కాదన్నా, జర పక్కకు జరుగు, అయినంక కొట్టు" అన్నాడు. మంచిగనే అన్నాడు, కానీ నాకు మాత్రం తిని ఎగ్గొడుతున్నవాడిలా నిలబడ్డట్టే అనిపించింది.

ఇంటికొచ్చి ప్లే స్టోర్ తెరిస్తే 41 యాప్‌లు అప్‌డేట్ కోసం లైన్లో ఉన్నాయి. ఆటో అప్‌డేట్ ఆన్‌లోనే ఉంది, ఇంట్లో వైఫై ఉంది, ఫోన్ రాత్రంతా చార్జింగ్‌లోనే ఉంటుంది. మరి ఎందుకు కాలేదు? ఫోన్ పాడైందనుకున్నాను, ప్లే స్టోర్‌ని తిట్టుకున్నాను. అసలు సంగతి మూడో రోజు రాత్రి పదిన్నరకు కళ్ల ముందే కనిపించింది. అమ్మ ఒక్కో గది లైటు ఆర్పుకుంటూ వచ్చి, గ్యాస్ రెగ్యులేటర్ తిప్పి, పోతూ పోతూ రౌటర్ స్విచ్ టక్కున ఆపేసింది. ఏళ్లుగా రోజూ జరుగుతున్న పనే, నాకే తట్టలేదు.

అప్‌డేట్లతో విసిగిపోయి చాలామంది చేసేది ఆటో అప్‌డేట్‌ని పూర్తిగా ఆపేయడం. నాకు తెలిసినంతలో తప్పు అక్కడే మొదలవుతుంది. అప్‌డేట్ ఎట్లాగూ వస్తుంది, రాత్రి రానివ్వకపోతే పగలు వచ్చి అడ్డం నిలబడుతుంది. కాబట్టి దాన్ని రాత్రికి జరపడం ఎట్లాగో చూద్దాం. ముందు ఆండ్రాయిడ్ గురించి చెప్తాను, మన దగ్గర ఎక్కువ చేతుల్లో ఉన్నది అదే. ఐఫోన్ సంగతి తర్వాత.

ఫోన్ ఎప్పుడు అప్‌డేట్ చేస్తుంది?

ఆటో అప్‌డేట్ ఆన్‌లో ఉంటే చాలు, కొత్త వెర్షన్ రాగానే పడిపోతుందని మనం అనుకుంటాం. అట్లా కాదు. మామూలు సెట్టింగుల్లో ప్లే స్టోర్ నాలుగు విషయాలు చూసుకుంటుంది: ఫోన్ వైఫైలో ఉందా, చార్జింగ్‌లో ఉందా, ఎవరూ వాడకుండా పక్కన పడి ఉందా, అప్‌డేట్ చేయాల్సిన యాప్ ఆ సమయానికి తెర మీద తెరిచి ఉందా. మొదటి మూడూ ఉండాలి, నాలుగోది ఉండకూడదు. ఇప్పుడు మన ఇళ్లలో రోజు ఎట్లా గడుస్తుందో ఒక్కసారి చూడండి. చార్జింగ్ పెట్టినప్పుడు కూడా చేతిలో ఫోన్ ఉంటుంది, రీల్స్ నడుస్తుంటాయి, అంటే అప్పుడు ఖాళీ లేదు. నిద్రపోయాక ఖాళీ దొరుకుతుంది, అప్పుడు రౌటర్ ఉండదు. కొందరు రౌటర్ ఆపరు కానీ పడుకునే ముందు ఫోన్లోనే వైఫై ఆపేస్తారు, రేడియేషన్ అనో, బ్యాటరీ అనో. ఇంకొందరు సాయంత్రమే 100 శాతం ఎక్కించుకొని రాత్రి చార్జర్ తీసేస్తారు. ఎవరి అలవాటు వాళ్లది, కానీ వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ రాత్రి అప్‌డేట్లు తర్వాతి రోజుకు పోతాయి. అట్లా పోగై పోగై 41 అవుతాయి.

అమ్మతో కరెంటు లెక్క మాట్లాడాల్సి వచ్చింది. ఇళ్లలో పెట్టే చిన్న రౌటర్ 10 వాట్లు తింటుందనుకుందాం. రాత్రి 8 గంటలకు 80 వాట్ అవర్లు, అంటే 0.08 యూనిట్. నెలంతా కలిపినా 2.4 యూనిట్లు. "గంతేనా" అంది, నమ్మినట్టు మాత్రం లేదు. చివరికి కుదిరిన ఒప్పందం ఏమిటంటే, మంగళవారం, శనివారం రాత్రి రౌటర్ ఆపదు. మీకు నవ్వొస్తే రావచ్చు గానీ, చాలా ఇళ్లకు ఇది సరిపోతుంది. యాప్‌లు రోజూ అప్‌డేట్ కానవసరం లేదు, వారానికి రెండు రాత్రులు దొరికితే ఫోన్ తన పని తాను చేసుకుంటుంది.

సెట్టింగ్ ఎక్కడుందంటే, ప్లే స్టోర్ తెరిచి, పైన కుడివైపు మీ ఫొటో ఉన్న గుండ్రటి గుర్తు నొక్కండి. అందులో సెట్టింగ్స్, తర్వాత నెట్‌వర్క్ ప్రిఫరెన్సెస్, తర్వాత ఆటో అప్‌డేట్ యాప్స్. అక్కడ "ఓవర్ వైఫై ఓన్లీ" పెట్టుకోండి. ఏ నెట్‌వర్క్ అయినా సరే అనే ఆప్షన్ రోజుకు 1.5 జీబీ ప్యాక్ మీద నడిచేవాళ్లు ముట్టుకోకపోవడమే మంచిది, మధ్యాహ్నానికే డేటా అయిపోయిందని మెసేజ్ వస్తుంది. కొన్ని ఫోన్లలో వైఫై లేనప్పుడు కొద్దిగా మాత్రమే మొబైల్ డేటా వాడే ఆప్షన్ కూడా ఉంటుంది, ఇంట్లో వైఫైయే లేనివాళ్లు దాన్ని చూడవచ్చు.

రాత్రి అప్‌డేట్‌లో ఇంకో లాభం ఉంది

ఇది చాలామందికి తెలియదు, నాకు బాగా నచ్చిన విషయం కూడా ఇదే, కాబట్టి కొంచెం ఎక్కువసేపు చెప్తాను.

యాప్‌లో నాలుగు లైన్లు మారితే యాప్ మొత్తం మళ్లీ దింపాల్సిన పనిలేదు, మారిన ముక్క దింపితే చాలు. గూగుల్ ఈ పద్ధతి చాలా ఏళ్ల నుంచి వాడుతోంది. కానీ ఒక చిక్కు ఉంది. యాప్ ఫైల్ అంటే లోపల సరుకంతా నొక్కి కుదించి కట్టిన మూట. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చి బస్తా గుర్తుతెచ్చుకోండి, తొక్కి తొక్కి నింపి మూతి కుట్టేస్తారు కదా. అడుగున ఉన్న ఒక గుప్పెడు కాయలు మార్చాలంటే పైనుంచి చేత్తో కాదు. కుట్టు విప్పాలి, కుమ్మరించాలి, ఆ గుప్పెడు మార్చాలి, మళ్లీ తొక్కి నింపి కుట్టాలి. యాప్ ఫైల్ కూడా అంతే. లోపల చిన్న మార్పు జరిగినా, కుదించిన తర్వాత చూస్తే ఫైల్ పెద్ద ముక్కే మారిపోయినట్టు కనిపిస్తుంది, అందుకే దింపాల్సింది కూడా పెద్దగా అవుతుంది.

2016 డిసెంబరులో గూగుల్ దీనికి ఒక దారి చెప్పింది. మీ ఫోన్లో ఉన్న పాత మూటను ఫోనే విప్పుతుంది, కుదించని సరుకు మీద మారిన ముక్క అతికిస్తుంది, మళ్లీ అచ్చం ముందులాగే కుదించి కడుతుంది. ఈ పద్ధతిలో దింపాల్సిన సైజు, యాప్ మొత్తం సైజుతో పోలిస్తే సగటున 65 శాతం తగ్గుతుందని, కొన్నింటికి 90 శాతం దాకా కూడా తగ్గుతుందని అప్పుడు చెప్పారు. వాళ్లు ఇచ్చిన ఉదాహరణల్లో గూగుల్ మ్యాప్స్ ఉంది: పూర్తి యాప్ 32.7 ఎంబీ, ఈ పద్ధతిలో దింపాల్సింది 9.6 ఎంబీ. నెట్‌ఫ్లిక్స్ అయితే 16.2 ఎంబీ నుంచి 1.2 ఎంబీకి వచ్చింది.

మరి ఇంత మంచి పద్ధతిని అన్ని అప్‌డేట్లకూ ఎందుకు పెట్టలేదు? ఎందుకంటే మూట విప్పి కట్టే పని ఫోన్ ప్రాసెసర్‌దే. అప్పటి కొత్త ఫోన్లలోనే ఒక్కో ఎంబీకి ఒక సెకను పైన పట్టేది, పాత ఫోన్లలో ఇంకా ఎక్కువ. మనం నిలబడి చూస్తుంటే ఆ ఆలస్యానికి చిరాకు పడతామని, రాత్రిపూట చార్జింగ్‌లో ఉండగా జరిగే ఆటో అప్‌డేట్లకు మాత్రమే పెడుతున్నామని గూగుల్ అప్పుడు స్పష్టంగా చెప్పింది. ఫోన్‌కి తీరిక ఉన్నప్పుడు డేటా తక్కువ, మనం తొందరపెట్టినప్పుడు డేటా ఎక్కువ. మొబైల్ డేటా మీద "అప్‌డేట్ ఆల్" నొక్కే ముందు ఇది ఒకసారి గుర్తు చేసుకోండి.

డౌన్‌లోడ్ స్లో కాదు, ఇన్‌స్టాల్ స్లో

నెట్ బాగానే ఉంది, అయినా అప్‌డేట్ పాకుతోంది అని తమ్ముడు ఒకసారి గొడవ పెట్టుకున్నాడు. లెక్క చూడండి. 40 ఎంబీపీఎస్ కనెక్షన్ అంటే సెకనుకు 5 ఎంబీ, కాబట్టి 100 ఎంబీ యాప్ 20 సెకన్లలో దిగిపోవాలి. దిగిపోతుంది కూడా. ఆ తర్వాత "ఇన్‌స్టాలింగ్" అని రాసి గుండ్రంగా తిరుగుతుంది చూశారా, అసలు సమయం తినేది అదే, అక్కడ మీ నెట్ స్పీడ్‌కి ఏ పనీ లేదు. అది ఫోన్ స్టోరేజ్ ఎంత చురుగ్గా ఉంది, ఎంత ఖాళీగా ఉంది అన్నదాని మీద నడుస్తుంది. తక్కువ ధర ఫోన్లలో వాడే స్టోరేజ్ చిప్ అసలే నిదానం, అది నిండుగా కూడా ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

మా బాపు ఫోన్ 32 జీబీ. తీసి చూస్తే 600 ఎంబీ మిగిలి ఉంది. గ్యాలరీ నిండా గుడ్ మార్నింగ్ గులాబీలు, వాటి మధ్యలో దేవుళ్లు, ఎవరిదో గృహప్రవేశం వీడియో నాలుగు గ్రూపుల నుంచి నాలుగుసార్లు. అప్‌డేట్ కావాలంటే కొత్త ఫైల్ ముందు పక్కన దిగాలి, సరిచూసుకోవాలి, తర్వాతే పాతదాన్ని తీసి దాని చోట కూర్చోవాలి, అంటే కాసేపు రెండూ పక్కపక్కన ఉండేంత జాగా కావాలి. 80 ఎంబీ అప్‌డేట్‌కి 80 ఎంబీ ఖాళీ ఉంటే సరిపోదన్నమాట. కనీసం 3, 4 జీబీ ఖాళీ ఎప్పుడూ ఉండేట్టు చూసుకోండి.

ఖాళీ చేయడానికి సులువైన దారి వాట్సాప్‌లోనే ఉంది. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్. ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయినవి, పెద్ద ఫైళ్లు విడివిడిగా చూపిస్తుంది. బాపుని పక్కన కూర్చోబెట్టుకొని అడిగి మరీ తీశాను, లేకపోతే ఒక్క దేవుడి ఫొటో పోయినా నెల రోజులు మాట పడాలి. అట్లాగే ఆ మీడియా ఆటో డౌన్‌లోడ్ దగ్గర వీడియోలకు టిక్ తీసేశాను. తర్వాత ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో జనరల్ కింద "ఆటోమేటికల్లీ ఆర్కైవ్ యాప్స్" అని ఉంటుంది, 2023లో వచ్చింది. చాలా రోజులుగా తెరవని యాప్‌ని పూర్తిగా తీసేయకుండా, దాని బరువు చాలావరకు దించి, గుర్తు, మీ సమాచారం మాత్రం ఉంచుతుంది. మళ్లీ నొక్కితే తిరిగి దిగుతుంది. వాడని యాప్‌కి రోజూ అప్‌డేట్లు ఎందుకు చెప్పండి, ఆర్కైవ్ చేస్తే లైన్ కూడా తగ్గుతుంది.

పగలే చేయాల్సి వస్తే

తప్పదు, ఒక్కోసారి చేయాల్సిందే. అప్పుడు "అప్‌డేట్ ఆల్" జోలికి పోవద్దు. ప్రొఫైల్ గుర్తు నొక్కి మేనేజ్ యాప్స్ అండ్ డివైజ్‌లోకి పోతే, అప్‌డేట్స్ అవైలబుల్ దగ్గర పూర్తి జాబితా, పక్కనే సైజులు కనిపిస్తాయి. ఇప్పుడు కావాల్సిన ఒక్క యాప్ ముందు నొక్కండి. లైన్లో ఏదైనా 900 ఎంబీ గేమ్ ముందు కూర్చొని ఉంటే దాన్ని క్యాన్సిల్ కొట్టండి, మీ పేమెంట్ యాప్ దాని వెనకాల "పెండింగ్" అని ఎదురుచూస్తూ ఉంటుంది. గేముల్లో ఇంకో తిరకాసు కూడా ఉంది, ప్లే స్టోర్‌లో అప్‌డేట్ చిన్నగానే ఉంటుంది గానీ, గేమ్ తెరిచాక లోపల అది విడిగా ఇంకో జీబీ దింపుకుంటుంది. దానికి ప్లే స్టోర్ వైఫై నియమం పట్టదు. పిల్లలున్న ఇళ్లవాళ్లు గమనించండి.

ఒక యాప్ అప్‌డేట్ అవుతుంటే ఫోన్ ఆ యాప్‌ని మూసేస్తుంది. అందుకని మ్యాప్ చూసుకుంటూ బండి మీద పోతున్నప్పుడు మ్యాప్‌ని, వీడియో కాల్‌లో ఉండగా ఆ కాల్ యాప్‌ని, ఆన్‌లైన్ పరీక్ష రాస్తూ పరీక్ష యాప్‌ని అప్‌డేట్ చేయకండి. చెప్పాల్సిన అవసరం లేదనుకుంటారు గానీ, నోటిఫికేషన్ వచ్చిందని చెయ్యి దానంతట అదే నొక్కేస్తుంది. ఆండ్రాయిడ్ 14 నుంచి, యాప్‌ని వాడుతున్నంతసేపు అప్‌డేట్‌ని ఆపి ఉంచే ఏర్పాటు యాప్ స్టోర్లకు ఇచ్చారు, పాత ఫోన్లలో మాత్రం మనమే చూసుకోవాలి.

టిఫిన్ సెంటర్‌లో నన్ను ఆపిన ఆ తెర గురించి కూడా ఒక మాట. యాప్ తయారుచేసేవాళ్లకు గూగుల్ రెండు దారులు ఇచ్చింది. ఒకటి, మీరు వాడుకుంటూ ఉండగా వెనక నిదానంగా దింపుకునేది. రెండోది, తెర మొత్తం అడ్డం పెట్టేది. డబ్బుతో సంబంధం ఉన్న యాప్‌లు భద్రత కోసం రెండోదాని వైపు మొగ్గుతాయి, దాన్ని తప్పు పట్టలేం. కాకపోతే అట్లాంటి తెర వచ్చేది ఎక్కువగా మన వెర్షన్ బాగా పాతబడినప్పుడే. నెలకోసారైనా అప్‌డేట్ అవుతూ ఉంటే దాని మొహం చూసే పని చాలావరకు ఉండదు.

ప్రయాణానికి ముందు రోజు రాత్రి ఒక్క ఐదు నిమిషాలు కేటాయించండి. పేమెంట్ యాప్, టికెట్ యాప్, బస్సు యాప్, మ్యాప్స్, వాట్సాప్. ఇవి ఇంట్లో అప్‌డేట్ చేసుకొని, ఒక్కోటి ఒకసారి తెరిచి కూడా చూడండి, కొన్ని అప్‌డేట్ అయ్యాక మళ్లీ లాగిన్ అడుగుతాయి, ఆ ఓటీపీ గోల కాజీపేట ప్లాట్‌ఫాం మీద రైలు వస్తుండగా పెట్టుకోవద్దు. మేడారం జాతరకు పోయేవాళ్లయితే మరీ ముఖ్యం. రెండేళ్లకోసారి అడవి మధ్యలో లక్షల ఫోన్లు ఒక్కచోట చేరితే టవర్లు ఎన్ని తాత్కాలికంగా పెట్టినా నెట్ ముక్కుతుంది, అక్కడ తప్పిపోయిన చిన్నమ్మకు లొకేషన్ పంపాల్సిన సమయంలో 60 ఎంబీ దిగేదాకా ఆగడం అయ్యే పని కాదు. మ్యాప్స్‌లో ములుగు, తాడ్వాయి చుట్టుపక్కల ప్రాంతం ఆఫ్‌లైన్‌గా దింపుకొని పోతే ఇంకా మేలు.

హాట్‌స్పాట్‌తో జాగ్రత్త

ఊరికి పోయినప్పుడు తమ్ముడి ఫోన్ హాట్‌స్పాట్‌కి కలుపుతాం. మన ఫోన్ లెక్కలో అదీ వైఫైయే. కొన్నిసార్లు అది మొబైల్ డేటా అని ఫోన్ గుర్తుపడుతుంది, కొన్నిసార్లు పట్టదు. పట్టనప్పుడు రాత్రి చార్జింగ్ పెట్టి పడుకుంటే మీ ఫోన్ సంతోషంగా 20 యాప్‌లు అప్‌డేట్ చేసుకుంటుంది, పొద్దున్నే తమ్ముడి డేటా ఉండదు, మీకు మర్యాద ఉండదు. దీనికి మందు, వైఫై సెట్టింగ్స్‌లో ఆ హాట్‌స్పాట్ పేరు మీద నొక్కి, నెట్‌వర్క్ యూసేజ్ అనే చోట "మీటర్డ్" అని, అంటే ఇది లెక్కగా వాడాల్సిన డేటా అని పెట్టడం. ఒక్కసారి పెడితే ఆ పేరుకు గుర్తుండిపోతుంది. ఇంట్లో రౌటర్‌కి మాత్రం ఇది పొరపాటున పెట్టకండి, పెడితే ఆటో అప్‌డేట్లు ఆగిపోతాయి. అట్లాగే డేటా సేవర్, బ్యాటరీ సేవర్ ఎప్పుడూ ఆన్‌లో పెట్టుకునే అలవాటు ఉంటే ఒకసారి తీసి చూడండి, ఇవి వెనక జరిగే పనులన్నిటికీ కళ్లెం వేస్తాయి.

అప్‌డేట్ అయ్యాక ఫోన్ స్లో అయిందంటారు

ఇది నిజమే, కానీ ఎక్కువసార్లు తాత్కాలికం. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి పద్ధతి మారింది. యాప్ కోడ్ మొత్తాన్ని ఇన్‌స్టాల్ అప్పుడే ఫోన్ భాషలోకి మార్చరు, మీరు ఎక్కువగా వాడే భాగాలేవో చూసుకొని, ఫోన్ ఖాళీగా చార్జింగ్‌లో ఉన్నప్పుడు వాటిని మారుస్తుంది. దానివల్లే అంతకుముందులాగా ఇన్‌స్టాల్‌కి నిమిషాలు పట్టడం తగ్గింది. కొత్త వెర్షన్ పడ్డాక ఈ పని మళ్లీ జరగాలి కాబట్టి మొదటి రోజు యాప్ కాస్త బరువుగా అనిపించొచ్చు. ఇక్కడ కూడా మందు అదే, చార్జింగ్ పెట్టి ఒక రాత్రి వదిలేయండి. రెండు మూడు రోజులైనా అట్లాగే ఉంటే అప్పుడు స్టోరేజ్ చూడండి.

ఎక్కడైనా ఇరుక్కుపోతే

"డౌన్‌లోడ్ పెండింగ్" అని గంటసేపు ఉంటే నేను చేసే వరుస ఇది. అన్నీ క్యాన్సిల్ చేసి ఒకే ఒక్క చిన్న యాప్ నొక్కుతాను. కదలకపోతే వైఫై ఆపి మళ్లీ ఆన్ చేస్తాను. కాకపోతే ఫోన్ రీస్టార్ట్. అప్పటికీ కాకపోతే సెట్టింగ్స్‌లో యాప్స్, గూగుల్ ప్లే స్టోర్, స్టోరేజ్‌లోకి పోయి క్లియర్ క్యాష్. ఆ పక్కనే ఉండే క్లియర్ స్టోరేజ్ నొక్కినా మీ యాప్‌లు పోవు, ప్లే స్టోర్‌లో మీరు పెట్టుకున్న సెట్టింగులు మాత్రం పోయి మొదటికొస్తాయి. ఎక్కువసార్లు రీస్టార్ట్ దాకా కూడా పోవాల్సిన అవసరం రాదు.

మీలాంటి ఫోనే ఉన్న స్నేహితుడికి కొత్త ఫీచర్ వచ్చి మీకు రాలేదంటే కంగారు వద్దు. కంపెనీలు కొత్త వెర్షన్‌ని ముందు కొద్దిశాతం మందికి పంపి, తేడా కొట్టకపోతే మెల్లగా పెంచుకుంటూ పోతాయి.

ఒకవేళ అప్‌డేట్ వల్లే పాడైతే? ప్లే స్టోర్‌లో వెనక్కి పోయే బటన్ లేదు. ఫోన్‌తో పాటు వచ్చిన యాప్‌లకు మాత్రం "అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్" ఉంటుంది. 2021 మార్చిలో ఒక రోజు ప్రపంచమంతా ఆండ్రాయిడ్ ఫోన్లలో జీమెయిల్ లాంటి యాప్‌లు తెరవగానే మూసుకుపోయాయి. కారణం ఆ యాప్‌లు కావు, వాటి లోపల వెబ్ పేజీలు చూపించే ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ అనే భాగం. సరిచేసిన అప్‌డేట్ వచ్చేదాకా చాలామంది వెబ్‌వ్యూ అప్‌డేట్స్ తీసేసి నెట్టుకొచ్చారు. ఏ ఒక్క యాప్‌నైనా కొన్నాళ్లు అప్‌డేట్ కాకుండా ఆపాలనుకుంటే, ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, ఎనేబుల్ ఆటో అప్‌డేట్ టిక్ తీసేయండి. నేను ఒక్క కెమెరా యాప్‌కే అట్లా తీశాను. పేమెంట్, బ్యాంకు, బ్రౌజర్, వాట్సాప్‌లకు మాత్రం తీయొద్దు. 2019లో వాట్సాప్‌లో బయటపడ్డ ఒక లోపంతో, మిస్డ్ కాల్ ఇచ్చి కూడా ఫోన్లోకి నిఘా సాఫ్ట్‌వేర్ ఎక్కించగలిగారు. దాన్ని మూసింది ఒక మామూలు అప్‌డేటే.

ఇంకో పొరపాటు. అప్‌డేట్ కావట్లేదని పేమెంట్ యాప్‌ని తీసేసి మళ్లీ వేసుకోవద్దు. మళ్లీ వేస్తే ఆ సిమ్ అదే ఫోన్లో ఉండి, దాన్నుంచి ఒక ఎస్ఎంఎస్ పోవాలి, రీచార్జ్ గడువు తీరిపోయిన రెండో సిమ్‌తో బ్యాంకు లింక్ ఉన్నవాళ్లు అక్కడ ఇరుక్కుంటారు. వాట్సాప్‌ని బ్యాకప్ లేకుండా తీస్తే పాత చాట్లు గల్లంతయ్యే ప్రమాదం ఉంది.

అప్‌డేట్ పేరుతో వచ్చే దొంగలు

బాపుకి ఒకరోజు వాట్సాప్‌లో ఫైల్ వచ్చింది, పేరు బ్యాంకుదే, చివర ఏపీకే అని ఉంది (అంటే నొక్కితే ఫోన్లో యాప్‌ని ఎక్కించే ఫైల్), ఈ రాత్రిలోగా అప్‌డేట్ చేయకపోతే ఖాతా ఆగిపోతుందని కింద మెసేజ్. ఆయన నొక్కాడు కూడా, తెలియని చోటు నుంచి ఇన్‌స్టాల్ చేయాలా అని ఫోన్ అడిగేసరికి భయపడి నాకు ఫోన్ చేశాడు. ఆ భయమే కాపాడింది. బ్యాంకు పేరు మీద, ట్రాఫిక్ చలానా పేరు మీద, రైతులకొచ్చే పైసల పేరు మీద ఇట్లాంటి ఫైళ్లు తిరుగుతూనే ఉంటాయి. అవి ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి తీసుకొని ఓటీపీలు ఎత్తుకుపోతాయి. యాప్ అప్‌డేట్ ప్లే స్టోర్‌లోంచి వస్తుంది, లేదా ఫోన్ కంపెనీ సొంత స్టోర్‌లోంచి వస్తుంది, వాట్సాప్‌లో ఫైల్‌గా రాదు. పొరపాటున వేసేసి డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బు చేతులు మారుతూ పోతుంది.

ఐఫోన్ వాళ్లకు

మీకు పని తక్కువ. సెట్టింగ్స్‌లో యాప్ స్టోర్, కొత్త వెర్షన్లలో అయితే సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో యాప్ స్టోర్. ఆటోమేటిక్ డౌన్‌లోడ్స్ కింద యాప్ అప్‌డేట్స్ ఆన్ ఉంచండి, మొబైల్ డేటా కింద ఉండే ఆటోమేటిక్ డౌన్‌లోడ్స్ ఆఫ్ చేయండి. 200 ఎంబీ దాటిన యాప్ అయితే అడిగి దింపేట్టు కూడా అక్కడే పెట్టుకోవచ్చు. కొత్త అప్‌డేట్ కనిపించకపోతే, యాప్ స్టోర్‌లో ప్రొఫైల్ గుర్తు నొక్కి ఆ పేజీని వేలితో కిందికి లాగి వదలండి. చాలా యాప్‌లు ఒకేసారి దిగుతుంటే, ముందు కావాల్సిన దాని గుర్తు మీద వేలు ఆనించి పట్టుకుంటే దాన్ని ముందుకు జరిపే ఆప్షన్ వస్తుంది. జాగా చాలకపోతే, వాడని యాప్‌ని దించి దాని సమాచారం మాత్రం ఉంచే ఆఫ్‌లోడ్ అన్‌యూజ్డ్ యాప్స్ ఉంది. ఛార్జింగ్, వైఫై, రాత్రి అన్నది మీకూ పనికొస్తుంది.

మా ఇంట్లో ఇప్పుడు 41 కాస్తా నాలుగైదుకు వచ్చింది. మంగళవారం రాత్రి అమ్మ రౌటర్ దాకా వచ్చి, చెయ్యి స్విచ్ మీద పెట్టి, "ఇయ్యాల ఉంచాల్నా" అని అడుగుతుంది. వానాకాలంలో ఉరుములు మొదలైతే మాత్రం వారం చూడకుండా ప్లగ్ తీసేస్తుంది, దాంట్లో నేను ఎదురు చెప్పను. పోయినేడు పిడుగు పడ్డ రాత్రి పక్కింటి వాళ్ల రౌటర్, టీవీ రెండూ కాలిపోయాయి.